బుంగను పైపింగ్ అని రాసినందుకు

నేను మిర్యాలగూడ సబ్ డివిజన్‌లో నీటిపారుదల డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా చేరింది, పదవీ విరమణ ఇంకా నాలుగేళ్లుందనగా, ఒక జూన్ నెల మొదటి సోమవారం. అంతకు ముందు ఆరేళ్లు సూర్యాపేట ఆఫీసులో ఎస్టిమేట్లు తయారు చేసే కుర్చీలో ఉన్నాను. ఈ వయసులో ఫీల్డుకు వేస్తే ఆడమనిషి ఇబ్బంది పడుతుందేమోనని నా తరఫున అందరూ పరేషానయ్యారు, నేను తప్ప. కోదాడలో ఇల్లు అలాగే ఉంచి, మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనక వీధిలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. కిటికీ సందుల్లోంచి ఊక దుమ్ము వచ్చి దండెం మీది చీరల మీద పడేది. అది దులుపుకోవడం తప్ప నాకు వేరే ఇబ్బంది కలగలేదు.

మా శాఖ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. సాగర్ ఎడమ కాలువ నుంచి చీలే పెద్ద పాయను మేజరు అంటాం. మేజరు కట్ట మీద రోజూ నడిచి, గండ్లు, బుంగలు, తూముల సంగతి చూసుకునే మనిషి లష్కరు. లష్కరు పైన ఏఈఈ, ఆయన పైన నేను, నా పైన ఈఈ, ఆ పైన ఎస్ఈ, అందరి పైన హైదరాబాదులో చీఫ్ ఇంజనీరు. నీళ్లు పైనుంచి కిందికి వస్తాయి, కాగితం కిందినుంచి పైకి పోతుంది. దారిలో నీళ్లు తగ్గితే రైతులు రోడ్డెక్కి మమ్మల్ని నిలదీస్తారు. కాగితం దారి తప్పితే అడిగేవాళ్లుండరు.

ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. నేను కోదాడలో పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంజనీరింగులో చేరాక ఇంగ్లీషు రాలేదు గానీ ఇంగ్లీషు ఉత్తరం రాయడం వచ్చింది. ‘ఇట్ ఈజ్ సబ్మిటెడ్ దట్’ అని మొదలుపెట్టి ‘కైండ్ ఆర్డర్స్ ఆర్ సొలిసిటెడ్’ అని ముగిస్తే మధ్యలో ఏమున్నా ఉత్తరం అయిపోతుంది. అలాంటివి ఎన్ని రాశానో లెక్కలేదు. మాట్లాడవలసి వస్తే మాత్రం నోరు పెగిలేది కాదు. సూర్యాపేటలో ఒకసారి రివ్యూ మీటింగులో పెద్దాఫీసరు, ఎస్టిమేట్ ఎందుకు ఆలస్యమైందని ఇంగ్లీషులో అడిగితే ‘ఎస్ సర్’ అన్నాను. ఆయన మళ్లీ అడిగితే మళ్లీ ‘ఎస్ సర్’ అన్నాను. హాలంతా నవ్వింది. ఆ నవ్వు చాలా ఏళ్లు నా చెవుల్లో ఉండిపోయింది.

ఇక సైదులు గురించి. నా పరిధిలోని ఒక మేజరు మీద అతను లష్కరు. ఆ మేజరు పేరు కావాలనే రాయడం లేదు, అప్పటివాళ్లు కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు. మాడుగులపల్లి వైపు మనిషి, గొర్రెలు కాచే ఇంట్లో పుట్టాడు, నాకంటే నాలుగైదేళ్లు చిన్న. ఉద్యోగం అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా వచ్చింది. అంటే ఆఫీసు నుంచి ఏజెన్సీకి ఒక్క ఉత్తరం పోతే మర్నాటి నుంచి రానక్కర్లేదు. అతని ఇల్లు ఆ కట్ట దిగువనే, ఓ నలభై ఇళ్ల వాడలో చివరిది. ఇంటి పక్కనే అన్నదమ్ముల గొర్ల దొడ్డి. కట్టను జీతం కోసం కాస్తున్నాడో ఇంటి కోసం కాస్తున్నాడో అతనికే తెలియదు. మాకు మాత్రం అంత నికరంగా కాసేవాడు ఇంకొకడు లేడు.

ఆ ఏడు సాగర్‌కు వరద ముందుగా చేరింది, నారుమళ్లకు నీళ్లు వదిలారు. నీళ్లు వచ్చిన మూడో రోజు, సోమవారం పొద్దున్నే సైదులు ఫోన్ చేశాడు.

“మేడం, ఎడమ కట్టకు బుంగ పడ్డది. జర వచ్చి సూడున్రి.”

బుంగ అంటే కట్ట కడుపులో పడే సన్నటి సొరంగం. ఎండ్రకాయో పందికొక్కో చేసిన బొరియను పట్టుకుని, కాలువ నీళ్లు కట్ట లోపలి నుంచి దారి చేసుకుని అవతల అడుగున బయటికి వస్తాయి. వచ్చే నీళ్లు తేటగా ఉంటే కొన్నాళ్లు ఓపిక పట్టవచ్చు. మురికిగా వచ్చాయంటే కట్టలోని మట్టి కొట్టుకొస్తోందని అర్థం, అప్పుడు గంటలు లెక్కపెట్టుకోవాలి. నేను వెళ్లేసరికి సైదులు బుంగ నోటి దగ్గర నీళ్లను ఒక ప్లాస్టిక్ సీసాలో పట్టి, చౌకీ కిటికీలో పెట్టి ఉంచాడు. కాలువ గట్టున లష్కరుకు ఉండే చిన్న గదిని చౌకీ అంటాం. సీసాలో నీళ్లు తాగొచ్చు అన్నంత తేటగా ఉన్నాయి. రోజూ ఒక సీసా పడతానన్నాడు. మంచిదే అన్నాను.

ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను. బుంగకు మా పుస్తకాల్లో ఉన్న ఇంగ్లీషు మాట ‘పైపింగ్’. పైపులో వచ్చినట్టు నీళ్లు వస్తాయి కాబట్టి ఆ పేరు. అందుకని విషయం అన్న చోట ‘పైపింగ్ ఇన్ లెఫ్ట్ బ్యాంక్ – రిగార్డింగ్’ అని పెట్టాను. లోపల, పైపింగు, ఊట గమనించబడినవనీ, మరమ్మతు నిమిత్తం మేజరు మూయుటకు దయతో ఉత్తర్వులు కోరడమైనదనీ రాశాను. మొదటి తడికి వదిలిన నీళ్లను మధ్యలో ఆపే అధికారం నాకు లేదు. మేజరు తల గేటు ఇంకో సబ్ డివిజన్ చేతిలో ఉంది. చివరి ఆయకట్టు వాళ్లు అప్పటికే నీళ్లు రాలేదని ధర్నాకు సిద్ధంగా ఉన్నారు. గేటు దించాలంటే పైనుంచి కాగితం రావాలి.

మంగళవారం సీసాలో నీళ్లు కొంచెం మబ్బుగా ఉన్నాయి. బుధవారం చాయ్ రంగుకు తిరిగాయి. బుంగ నోటి చుట్టూ ఇసుక బస్తాలు పేర్పించి వేగం తగ్గించాం, అది తాత్కాలికమే. రెండో ఉత్తరం రాశాను, మొదటిదాని కంటే పొడుగ్గా. ఈఈ గారికి ఫోన్ చేశాను. ఆయన నన్ను నమ్మారు. కానీ నోటిమాట మీద గేటు దించితే రేపు చివరి ఆయకట్టు వాళ్లు తన ఆఫీసు ముందు కూర్చుంటారని, పైవాళ్లను కాగితంతోనే కదిలించాలని అన్నారు.

గురువారం కాగితం వచ్చింది. కవరు చింపి చదివాను. ఎడమ కట్ట మీద రైతులు వేసుకున్న అక్రమ పైపులను పోలీసు బందోబస్తుతో వెంటనే తొలగించాలి. పైపులు వేస్తుంటే ఊరుకున్న లష్కరు నుంచి మూడు రోజుల్లో సంజాయిషీ తీసుకుని, అతని సేవలను ఏజెన్సీకి తిప్పి పంపాలి. గేటు మాట ఎక్కడా లేదు.

తర్వాత ఆరా తీస్తే తెలిసింది. పై ఆఫీసులో తపాలా చూసే సీటు విషయం అన్న ఒక్క లైను చదివి కాగితాన్ని ఫలానా సెక్షనుకు పంపుతుంది. ఆ ఎండాకాలమంతా వాళ్లకు వచ్చిన గొడవలన్నీ రైతులు కట్ట మీదుగా మోటర్లు, పైపులు వేసి నీళ్లు లాగుతున్నారన్నవే. పైపింగ్ అన్న మాట కనపడగానే నా ఉత్తరం పోయి పైపుల ఫైలులో కూర్చుంది. రెండో ఉత్తరం వెళ్లి మొదటిదాని వెనకాల చేరింది. సెక్షన్ వాళ్లు డ్రాఫ్టు పెట్టారు, ఆఫీసరు గారు కట్టలు కట్టలు సంతకాల మధ్య దీని మీదా సంతకం చేశారు. అందులో దుర్మార్గం ఏమీ లేదు. నేనూ అలాంటి సంతకాలు చేసినదాన్నే.

చదివిన వెంటనే నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. మంట తగ్గాక సిగ్గేసింది, ఎందుకంటే పైపింగ్ అన్నది నా మాట. సైదులు బుంగ అని చెప్పాడు.

శుక్రవారం పొద్దున తహసీల్దారు ఆఫీసు నుంచి ఒకాయన, నలుగురు పోలీసులు వచ్చారు. కట్ట మీద నిజంగానే ఏడెనిమిది పైపులున్నాయి, ఎక్కడ లేవు గనక. వాటిని పీకి, మోటర్లు ట్రాక్టరులో వేసుకుపోయారు. రైతులు ఒక్కటే మాట అనుకున్నారు: సైదులు పేర్లు రాసిచ్చాడు. ఆఫీసు ఏమో సైదులు దగ్గరుండి పైపులు వేయించాడంటోంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అతని పని అలా అయింది. పొద్దున చాయ్ హోటల్ కాడికి పోతే బెంచీ మీద వాళ్లు లేచిపోయారట. మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చాడు, ఆఫీసు ఇచ్చిన సంజాయిషీ మెమో చేతిలో మడిచి పట్టుకుని.

“మేడం, నేను పైపుల ముచ్చట ఎవ్వలకు జెప్పలే. గీ కాయితంల నా పేరెట్ల వచ్చింది?”

“ఆఫీసులో ఏదో పొరపాటు జరిగింది సైదులూ, నేను చూస్తాను,” అన్నాను.

అతను తలూపి వెళ్లిపోయాడు. పొరపాటు జరిగింది అన్నానే గానీ, ఎవరు చేశారో చెప్పలేదు. ఆ సంగతి అప్పుడే నాకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు.

ఈఈ గారికి మళ్లీ ఫోన్ చేశాను. రేపు శనివారం సూర్యాపేటలో వీడియో రివ్యూ ఉందని, హైదరాబాదు నుంచి చీఫ్ ఇంజనీరు గారితో పాటు ఆయనకూ పైన, సచివాలయంలో కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు కూర్చుంటారని, ఆయన వేరే రాష్ట్రం మనిషి, తెలుగు రాదని, ఒక్కో సబ్ డివిజన్‌కు మూడు నిమిషాలని చెప్పారు. కావాలంటే మీ బదులు నేను చదువుతాను, కాగితం పంపండి అన్నారు. ఆ ‘ఎస్ సర్’ కథ ఆయనకూ తెలుసు. ఒక్క క్షణం సరేనందామనిపించింది. కాగితాన్ని నమ్ముకునే ఇంత దాకా వచ్చాం కదా అనుకుని, నేనే మాట్లాడతానన్నాను.

సాయంత్రం చౌకీ మెట్ల మీద కూర్చుని, రాసుకున్న ఇంగ్లీషును పైకి చదువుకోవడం మొదలుపెట్టాను. పక్కన సైదులు ఆ రోజు సీసా నింపి మూత బిగిస్తున్నాడు. మెమో వచ్చినా సీసా పట్టడం మానలేదు. నేను ఒక పేజీ చదివి, ఊరికే అడిగినట్టు, ఎట్లా ఉంది సైదులూ అన్నాను. ఇంగ్లీషు రాని మనిషిని అడగడం వేళాకోళమే. అతను మాత్రం నిజంగానే ఆలోచించాడు.

“నాకు ఇంగిలీసు రాదు గని మేడం, అండ్ల ఊ కొట్టనీకి జాగ లేదు.”

అదేం మాట అన్నాను. అతను వివరంగా చెప్పాడు. చిన్నప్పుడు మంద దగ్గర కాపలా ఉన్నప్పుడు వాళ్ల తాత కథ చెప్పేవాడట. వినేవాళ్లు మాటమాటకూ ఊ అనాలి. ఊ రాకపోతే తాత అక్కడికి కథ ఆపేసేవాడు. ఊ రాలేదంటే అవతలివాడు పండుకున్నట్టు, పండుకున్నోనికి కథ చెప్తే ఏం ఫాయిదా అనేవాడట. మీరు చదివింది ఎక్కడా ఆగకుండా బండి లెక్క పోతోంది, నేను ఊ అనాలనుకున్నా ఎక్కడ అనాలో తెలియలేదు అన్నాడు.

నాకు ఎక్కడో కలుక్కుమంది. ముప్పై ఏళ్లుగా నేను పండుకున్నవాళ్లకే ఉత్తరాలు రాస్తున్నాను. నాకు వచ్చిన ఉత్తరాలు కూడా నేను పండుకునే చదివాను.

అయితే నువ్వే చెప్పు, వింటాను అన్నాను. అతను కిటికీలోంచి సీసాలు తెచ్చి మెట్టు మీద వరసగా పెట్టాడు.

“సోమారం నాడు నేను సీస పట్టిన. నీళ్లు తేట.”

ఊ, అన్నాను.

“మంగళారం మబ్బు. బుధారం చాయ్ తీరు. ఇయ్యాల పాలు పోసిన చాయ్. మన్ను కరిగి వస్తున్నది మేడం. కట్ట కింద నలభై ఇండ్లున్నయి.”

అంతే. నా రెండు ఉత్తరాల్లో కలిపి ఇంత లేదు. అతను వెళ్లాక అక్కడే కూర్చుని, ఆ మాటలను ఒక్కొక్కటిగా ఇంగ్లీషులోకి రాశాను. మొదటి వాక్యం దగ్గరే కలం ఆగింది. ‘ఇట్ వాజ్ నోటీస్డ్’ అని రాయడానికి చేయి అలవాటు పడిపోయింది. ఎవరు చూశారు అన్నది అందులో ఉండదు. కొట్టేసి ‘సైదులు’ అని రాశాను. ఆఫీసు కాగితంలో వాక్యం మొదట్లో ఒక మనిషి పేరు పెట్టి, ఆ మనిషి చేత ఒక పని చేయించడం నాకు అదే మొదటిసారి. పైపింగ్ అన్న మాట తీసేశాను. దాని చోట ‘హోల్’ అని రాసి, చేతి మణికట్టంత అని చేర్చాను. ప్రతి వాక్యం తర్వాత ఆగి, ఇక్కడ ఊ పడుతుందా అని చూసుకున్నాను. పడని చోట వాక్యం తీసేశాను. చివరికి పదకొండు వాక్యాలు మిగిలాయి. రాత్రి గదిలో వాటిని బట్టీ పట్టలేదు. కథ తెలిసినవాళ్లు బట్టీ పట్టనక్కర్లేదని ధైర్యం చెప్పుకుని పడుకున్నాను.

సీసాలు వెంట తీసుకుపోదామనుకున్నాను. వీడియోలో రంగు తెలియదు, అవన్నీ ఎందుకని ఈఈ గారు వద్దన్నారు. అదీ మంచికే అయింది. మాటలతోనే చూపించవలసి వచ్చింది.

సూర్యాపేటలో అదే హాలు. నవ్వినవాళ్లలో సగం మంది అవే కుర్చీల్లో ఉన్నారు. తెర మీద పెద్దాఫీసరు, పక్కన చీఫ్ ఇంజనీరు గారు. మా ముందు మాట్లాడినవాళ్లంతా చార్టులు చదివారు, పెద్దాఫీసరు తల వంచి ఫోన్ చూసుకుంటున్నాడు. మా వంతు వచ్చేసరికి అందరికీ భోజనాల మీద ధ్యాస. నేను లేచి నిలబడ్డాను. బల్ల అంచు పట్టుకున్నాను.

“సర్, ఆన్ మండే, అవర్ లష్కర్ సైదులు ఫిల్డ్ ఎ బాటిల్,” అన్నాను. సోమవారం మా లష్కరు సైదులు ఒక సీసా నింపాడు.

ఆగాను. హాల్లో ఎవరో దగ్గారు. ఈఈ గారు నా వంక కంగారుగా చూశారు. తెర మీద ఆయన ఫోన్ లోంచి తలెత్తాడు.

“దెన్?” అన్నాడు.

ఆ ఒక్క మాటతో బల్ల అంచు వదిలేశాను. ఊ అన్నాడు మరి. ఏ భాషలో అంటే ఏం.

బుంగ నోటి దగ్గర పట్టిన నీళ్లని చెప్పాను, సోమవారం తేటగా ఉన్నాయన్నాను, మంగళవారం మబ్బు. బుధవారానికి వచ్చేసరికి తొందరలో రంగు అన్న మాట మింగేశాను. “వెడ్నస్‌డే, వాటర్ బికేమ్ టీ,” అన్నాను. బుధవారం నీళ్లు చాయ్ అయ్యాయి. హాలు నవ్వింది, అదే నవ్వు. పెద్దాఫీసరు నవ్వలేదు.

“విత్ మిల్క్, ఆర్ వితౌట్?” అని అడిగాడు. పాలతోనా, పాలు లేకుండానా. ముఖం చూస్తే హాస్యానికి అడిగినట్టు లేదు.

“వితౌట్ మిల్క్ ఆన్ వెడ్నస్‌డే, సర్. సిన్స్ ఎస్టర్‌డే, విత్ మిల్క్.”

ఈసారి హాల్లో ఎవరూ నవ్వలేదు. పాలు పోసిన చాయ్ అంటే ఎంత మట్టి కలిస్తే అవుతుందో అక్కడున్న ప్రతి ఇంజనీరుకూ తెలుసు. చీఫ్ ఇంజనీరు గారు కుర్చీలో ముందుకు జరిగారు. కట్ట దిగువన ఏముందని అడిగారు. నలభై ఇళ్లు, గొర్ల దొడ్లు, ఒక అంగన్‌వాడీ అన్నాను. మీకేం కావాలన్నారు. తల గేటు మూడు రోజులు దించండి, కట్ట తవ్వి బంకమట్టితో పూడుస్తాను అన్నాను. కైండ్ ఆర్డర్స్ మాట నోటికి రాలేదు.

చివరి ఆయకట్టు చూసే ఇంజనీరు లేచి, మూడు రోజులు ఆపితే నార్లు ఎండిపోతాయని అడ్డం చెప్పాడు. అతని మాటా నిజమే. కొన్ని మళ్లు ఎండుతాయని ఒప్పుకున్నాను. కట్ట తెగితే నెల రోజులు నీళ్లుండవు, అప్పుడు ఏ మడీ మిగలదని చెప్పాను. గేటు ఆ మధ్యాహ్నమే దించమని పెద్దాఫీసరు చెప్పాడు.

నేను కూర్చోబోతుంటే చీఫ్ ఇంజనీరు గారు పక్కనున్న ఫైలు తిప్పి, ఇదే కట్ట మీద అక్రమ పైపుల కేసు ఉంది కదా, అక్కడి లష్కరును తీసేశాం కదా అన్నారు. ఈఈ గారు ఇక చాలు, కూర్చోమన్నట్టు నా కుర్చీ వైపు చెయ్యి చూపించారు. కూర్చుంటే గేటు దక్కుతుంది, సైదులు పోతాడు. నిలబడే ఉన్నాను.

“సర్, ఐ రోట్ పైపింగ్. ద ఆఫీస్ రెడ్ పైప్స్. ద మ్యాన్ విత్ ద బాటిల్ అండ్ ద మ్యాన్ ఇన్ ద మెమో ఆర్ వన్ మ్యాన్.” నేను బుంగ అన్న అర్థంలో రాశాను, ఆఫీసు పైపులని చదివింది. సీసా పట్టినవాడూ మెమోలో ఉన్నవాడూ ఒక్కడే.

పెద్దాఫీసరు ఆ ఫైలు తన ముందుకు జరుపుకున్నాడు. తర్వాత పక్కకు తిరిగి, ఆ మెమో వెనక్కి తీసుకోండి అన్నాడు. మూడు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి, ఎవరూ గంట కొట్టలేదు. బయటికి వచ్చాక ఈఈ గారు, నన్ను దాటి అంత మాట్లాడాల్సింది కాదమ్మా అని, వెంటనే, బాగానే మాట్లాడారు అని కూడా అన్నారు. రెండూ తీసుకున్నాను.

కాలువ ఖాళీ అయ్యేసరికి ఆదివారం పొద్దెక్కింది. కట్టను పైనుంచి తవ్వించాం. బయట మణికట్టంత కనిపించిన బుంగ లోపల ఒక మనిషి ముడుచుకుని కూర్చునేంత గుహ అయి ఉంది. దాని పైన మిగిలిన మట్టి మందం జేనతో కొలిచి చూశాను. కట్ట ఇంకో రెండు రోజులు ఆగేది కాదు. సైదులు అక్కడ నిలబడి ఒకసారి గుహను, ఒకసారి దిగువన తన ఇంటిని చూశాడు. బంకమట్టి తెప్పించి, పొరపొరకూ తడిపి కుమ్మించి, బుధవారానికి పూడ్చాం. నీళ్లు మళ్లీ వదిలారు. చివర్న కొందరి నార్లు ఎండాయి. వాళ్లు వచ్చి నన్ను తిట్టారు, పడ్డాను.

పది రోజులకు మెమో విషయంలో కాగితం వచ్చింది. సైదులును పిలిచి తెలుగులో చెప్పాను: సమర్పించిన సంజాయిషీ సంతృప్తికరంగా ఉన్నందున తదుపరి చర్య విరమించడమైనది. అతను విన్నాడు. ఊ అనలేదు.

“అండ్ల తప్పు ఎవలు జేసిన్రని ఉన్నది మేడం?”

లేదన్నాను. ఎవరు చేశారని ఆ కాగితంలో లేదు, ఉండదు కూడా. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఉద్యోగం దక్కింది గానీ, ఊళ్లో అతనికి ఇంకా చాయ్ పోయడం లేదని నాకు తెలుసు. ఆ కాగితం తీసుకుపోయి బెంచీ మీది వాళ్లకు చూపిస్తే వాళ్లకేం అర్థమవుతుంది?

మర్నాడు పొద్దున అతన్ని వెంటబెట్టుకుని ఆ హోటల్‌కు పోయాను. మోటర్లు పోయిన రైతులు ముగ్గురు నలుగురు అక్కడే ఉన్నారు. నిలబడే చెప్పాను.

“మీ పైపుల మాట సైదులు ఎవరికీ చెప్పలేదు. సైదులు నాకు బుంగ పడ్డదని చెప్పాడు. నేను ఇంగ్లీషులో రాసేటప్పుడు పైవాళ్లు పైపులనుకునే మాట రాశాను. తప్పు చేసింది నేను. మీ ఇళ్లు నిలబెట్టింది ఇతను.”

ఒక ముసలాయన, అట్లయితే మా మోటర్లు వాపస్ ఇప్పియ్యున్రి మేడం అన్నాడు. అవి దొంగ మోటర్లే కదా పెద్దాయనా, వాటి సంగతి నాకు తెలియదు అన్నాను. నవ్వారు. హోటలాయన రెండు గ్లాసులు తెచ్చి ఒకటి నాకు, ఒకటి సైదులుకు ఇచ్చాడు. సైదులు గ్లాసు అందుకుని, నా వైపు చూడకుండా మెల్లగా అన్నాడు.

“ఊ.”

ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ నా సబ్ డివిజన్ నుంచి పోయిన ప్రతి ఇంగ్లీషు ఉత్తరం మొదటి వాక్యంలో ఒక రోజు, ఒక చోటు, ఒక మనిషి ఉండేలా చూశాను. పంపే ముందు పక్కవాళ్లకు పైకి చదివి వినిపించమనేదాన్ని, వాళ్లు ‘తర్వాత?’ అని అడగకపోతే తిరిగి రాయమనేదాన్ని. నా ఇంగ్లీషు వ్యాకరణం ఏమీ బాగుపడలేదు, ఇప్పటికీ తప్పులు పోతాయి. కోదాడకు వచ్చాక కూడా పిల్ల ఇంజనీర్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, రివ్యూలో ఇంగ్లీషులో ఎలా మాట్లాడాలి మేడం అని అడుగుతారు. ఎవరు చూశారు, ఎవరు చేశారు అన్నది ముందు చెప్పమంటాను. ‘గమనించబడినది’, ‘పొరపాటు జరిగినది’ అని రాసే అలవాటు మర్యాద కోసం పుట్టిందని చాలా కాలం అనుకున్నాను. ఆ వాక్యంలోంచి అందరికంటే ముందు తప్పించుకునేది దాన్ని రాసినవాళ్లే. నేను అలా తప్పించుకున్నది రెండు వారాలు, ఆ రెండు వారాలూ బెంచీ మీద సైదులుకు చోటు లేదు.